సగం కారు

"కారు అమ్మేయండి మాస్టారూ."

యాకోబు కారు కిందనుంచి తల బయటపెట్టి చూశాడు.

షెడ్డు గుమ్మంలో ఎవరో నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి. మోకాళ్ళ దాకా మడిచిన ప్యాంటు. ఒంటినుంచి చేపల వాసన.

"మీరెవరండీ?"

"దారిన పోయేవాణ్ణండీ. గూడెంలో ఒక డ్రాయింగ్ మాస్టారి దగ్గర సగం చేసిన పాత కారుందని, అమ్మకానికి పెట్టారని గ్యారేజీలో విన్నాను. ఇంక ఆలోచించకండి. అమ్మేయండి."

యాకోబు నడుం పట్టుకుని మెల్లగా లేచాడు.

అది స్టాండర్డ్ హెరాల్డ్. వయసులో అతని కంటే కొంచెమే చిన్నది. ఇంజన్ బల్ల మీద ఉంది. డోర్లు గోడకి ఆనించి ఉన్నాయి. సీట్లు అసలు లేవు.

తమ్ముడు శ్యామ్ సుందర్ దాన్ని తుక్కు కింద కొనుక్కొచ్చాడు. స్కూటర్ మెకానిక్, చేతిలో పనితనం ఉన్నవాడు. హెడ్‌లైట్ల కోసం ఏలూరు వెళ్ళి, బైకు మీద తిరిగి వస్తూ, దెందులూరు దగ్గర హైవే మీద పోయాడు. జోరువాన. ఏదో బండి గుద్ది ఆగకుండా వెళ్ళిపోయింది. అది 2003లో.

అప్పటినుంచీ ఆదివారం చర్చి అవగానే యాకోబు షెడ్డులో దూరేవాడు. ఏళ్ళు గడిచినా కారు మాత్రం అంగుళం కదల్లేదు. బొమ్మ గీయమంటే ప్రాణం పోసి గీస్తాడు. బోల్టు బిగించమంటే ఆ బోల్టే విరుగుతుంది.

అయినా మానలేకపోయాడు.

చివరి నిమిషాల్లో తమ్ముడు వానలో ఒక్కడే పడి ఉన్నాడు. ఆ ఊహ అతన్ని నిద్రపోనివ్వదు. వాడు మొదలుపెట్టిన పనైనా పూర్తిచేస్తే కాస్త తెరిపి దొరుకుతుందని ఆశ.

భార్య రూబీ పోరగా పోరగా, కారు చూసుకోవడానికి రమ్మని ఏలూరు గిరిధర్‌కి కబురు పెట్టాడు. ఆయన పాత కార్లు సేకరిస్తాడు. ఇవాళ సాయంత్రం వస్తానన్నాడు.

"గిరిధర్ గారు పంపారా మిమ్మల్ని?" అన్నాడు యాకోబు అనుమానంగా.

"ఆయనెవరో నాకు తెలీదండీ."

"మరి నా కారుతో మీకేం పని?"

ఆ మనిషి ఒక అడుగు లోపలికి వేశాడు.

"మీ తమ్ముడుగారి మాట కూడా అదేనండీ. అమ్మేయమనే."

యాకోబు మొహం ఎర్రబడింది.

"చచ్చిపోయినవాణ్ణి అడ్డం పెట్టుకుని బేరాలా? బయటికి నడవండి!"

"మాస్టారూ, ఒక్క మాట..."

"నడవండి అన్నానా!"

ఆ మనిషి చేతులు జోడించి వెళ్ళిపోయాడు. రోడ్డు మీద ఏదో వ్యాన్ ఆగకుండా హారన్ కొడుతోంది.

సాయంత్రం గిరిధర్ వచ్చాడు. కారు చుట్టూ తిరిగాడు. బానెట్ మీద చెయ్యి వేసి పసిపిల్లని నిమిరినట్టు నిమిరాడు.

"నాకివ్వండి మాస్టారూ. మా మెకానిక్కులు దీన్ని రోడ్డెక్కిస్తారు."

యాకోబుకి అవునన్నా తప్పే, కాదన్నా తప్పే అనిపించింది.

"ఏమనుకోకండి. మనసొప్పడం లేదండీ. నేనే చూసుకుంటాను."

గిరిధర్ నొచ్చుకోలేదు. టీ తాగి వెళ్దామని వరండాలో కూర్చున్నాడు.

రూబీ షెడ్డులోకి వచ్చింది.

"ఏవండీ, మధ్యాహ్నం మీరు పంపించేశారే, ఆయన గేటు దగ్గర నాతో ఒక మాట చెప్పాడండీ. మీరు కోపంగా ఉన్నారని ఇప్పటిదాకా ఊరుకున్నాను."

"ఏమంటాడు?"

"పేరు జ్ఞానయ్యట. దెందులూరట. చేపల వ్యాన్‌లో ఐసు కరిగిపోతోందని తోటివాళ్ళు తొందరపెడుతుంటే అంతా చెప్పలేకపోయాడు. శ్యామ్ మీకు చెప్పమన్నాడట."

"ఏమని?"

"‘మా అన్నయ్యకి స్పానర్ పట్టుకోవడం రాదు. నా మీద ప్రేమకొద్దీ ఆ బండి కింద దూరి నడుం విరగ్గొట్టుకుంటాడు. అమ్మేయమనండి. ఆ షెడ్డులో వదిన కుట్టుమిషన్లు పెట్టుకుంటుంది’ అని."

యాకోబు బల్ల మీది స్పానర్ కేసి చూశాడు.

"మిషన్ల సంగతి నేను శ్యామ్‌తో తప్ప ఎవరితోనూ అనలేదండీ," అంది రూబీ నెమ్మదిగా. "మీరు చిన్నబుచ్చుకుంటారని మీతో కూడా అనలేదు."

యాకోబుకి ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే కళ్ళు నిండాయి.

"అచ్చం వాడే," అన్నాడు. "వాడి నోటి మాటే ఇది."

వరండాలోకి వెళ్ళి గిరిధర్ చెయ్యి పట్టుకున్నాడు.

"తీసుకెళ్ళండి. బాగా చూసుకోండి."

ఛాతీ మీద నుంచి ఎవరో బండరాయి దింపినట్టయింది. తెల్లారేదాకా ఒళ్ళెరగకుండా నిద్రపోయాడు.

మర్నాడు లారీ వచ్చింది. కారుని ఎక్కించాక యాకోబు కూడా డ్రైవర్ పక్కన ఎక్కి కూర్చున్నాడు. జ్ఞానయ్యని క్షమాపణ అడగాలి. మంచినీళ్ళయినా ఇవ్వకుండా తరిమేశానన్న బాధ లోపల గుచ్చుకుంటోంది.

దెందులూరులో దిగి, హైవే పక్క టీ కొట్టులో వాకబు చేశాడు. కొట్టు నడిపే సలోమి గ్లాసులు కడుగుతోంది.

"జ్ఞానయ్యా? చేపల లోడేసుకుని తెల్లారగట్లే కలకత్తా వెళ్ళిపోయాడండీ. తమరెవరండీ?"

"గూడెం అమ్మా. డ్రాయింగ్ మాస్టర్ని. మా ఇంట్లో పాత కారొకటి..."

సలోమి గభాల్న లేచి నిలబడింది.

"కారు మాస్టారా! దొరికారా బాబూ! పేరు తెలీదు, వీధి తెలీదు. గూడెం వెళ్ళినప్పుడల్లా సగం కారున్న ఇల్లెక్కడని వెతుక్కుంటానే ఉన్నాడండీ ఇన్నేళ్ళూ."

"ఆయనకి మా తమ్ముడెలా తెలుసమ్మా?"

సలోమి కొంగుతో చేతులు తుడుచుకుని, రోడ్డు వారకి చూపించింది.

"వచ్చేపోయే బండ్లన్నీ చూసి కూడా ఆగకుండా పోతుంటే, ఆ వానలో, అదిగో అక్కడ, మీ తమ్ముడుగారి తల ఒళ్ళో పెట్టుకుని, ఊపిరి ఆగేదాకా మాట్లాడుతూ కూర్చున్నది మా జ్ఞానయ్యేనండీ."