గంట మోగితేనే ముద్ద

పొద్దు నెత్తి మీదికొచ్చినా గంట మోగలేదు. బయ్యమ్మ సంగటి పళ్లెం ముందు పెట్టుకుని, అరుగు మీద చెవి రిక్కించి కూర్చుంది.

దేవరాజులు ఆమెకు ఒక్కగానొక్క కొడుకు. పెళ్లీడుకొచ్చాక మతి చెదిరింది. మాటా పలుకూ లేదు, గడప లోపల నిలవడు, పుంగనూరు వీధులన్నీ వాడివే. తల్లి కళ్లకు పొరలు కమ్మాక, పక్కింట్లో కంచు పని చేసే అబ్దుల్ గఫార్ వాడి నడుముకు ఆవు గంటొకటి కట్టాడు. తప్పిపోయే పశువుకు కట్టేది మనిషికి కడతారా అని ఊరు నవ్వింది. నవ్వేవాళ్లకేం? కిందటేడు చలిజ్వరంతో ఒళ్లు తెలియక పడి ఉన్న నాలుగు రోజులు తప్ప, ఆ చప్పుడు వినకుండా ఆ తల్లి ముద్ద మింగింది లేదు.

"తులసీ, వాడు యాడుండాడో సూసి రామ్మా," అంది.

ఎదురింటి తులసమ్మ తడబడింది. గఫార్ సాహెబు వాణ్ని మదనపల్లెకు, హకీము దగ్గరికి తీసుకుపోయాడనీ, బొగ్గు పొగతో నడిచే ఆ పాడు బస్సు దారిలో ఎక్కడో నిలిచిపోయి ఉంటుందనీ చెప్పింది.

"వానికి బస్సంటే బెదురు గదా. సౌడేపల్లె దావలో బావి ఉండాది. నేను పోతా."

బయ్యమ్మ కర్ర కోసం తడుముకుంది. తులసమ్మ ఆ చేయి పట్టుకుంది. ఏం చెప్పి ఆపాలో తెలియక ఏడుపొచ్చింది.

అంతలో బస్సు వచ్చిన మోత వినిపించింది. కాసేపటికి సందు మలుపులో గంట గణగణమంది. బయ్యమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

"దూరం పోవాకు నాయనా," అని కేకేసింది. ఎప్పటిలాగే బదులు రాలేదు.

సంగటి ముద్ద మీద ఊరిబిండి పచ్చడి వేసి పంపింది. తులసమ్మ పళ్లెం తీసుకుని సందు మలుపుకు వెళ్లి, ఖాళీ చేయించి తెచ్చింది. బయ్యమ్మ పళ్లెమంతా వేళ్లతో తడిమి చూసుకుంది.

"అంతా తిన్యాడా?"

"తిన్యాడక్కా. ఇంక నువ్వు తిను."

రెండు ముద్దలు తిని ఆగిపోయింది బయ్యమ్మ.

"నేను పోయినాక వాణ్ని ఎవురు సూస్తారో తులసీ."

"మేమంతా ఉండాం గదక్కా," అంటూ తులసమ్మ కొంగుతో నోరు అదుముకుంది.

కిందటేడు ఆమె జ్వరంలో ఉండగా దేవరాజులును ఆ బావిలోంచి తీసి మట్టి చేసిన నాటి నుంచీ ఆ గంట గఫార్ సాహెబు నడుముకే ఉంది.