దిగిన డోలు

"ఏమయ్యా సాయిబూ, మూడోసారి ఆపావు!"

పెళ్లి పందిట్లోంచే కేకేశాడు శివనాగరాజు. కూతురు అనూష పెళ్లి. మేళంలో రోజూ డోలు వాయించే మనిషికి జ్వరమొస్తే, సన్నాయి కోటేష్ ఈ కొత్తాయన్ని వినుకొండ నుంచి పిలుచుకొచ్చాడు. పేరు మాబు సాహెబ్.

"డోలు శ్రుతి దిగుతోందండీ. ఎంత బిగించినా నిలవట్లేదు. గాల్లో చెమ్మెక్కింది, వానొచ్చేట్టుంది. కాయలు కప్పించండి."

ఇంటి వెనక కళ్లంలో నాలుగెకరాల మిర్చి ఎండుతోంది. ఆ కాయల్ని నమ్ముకునే శివనాగరాజు ఈ పెళ్లి తలపెట్టాడు.

"ఫాల్గుణంలో వానేంటయ్యా? ఫోన్లో చూశా, వారం దాకా చుక్క లేదు."

"కాలం తాళం తప్పిందండీ. ఫోనుకి తెలీకపోయినా తోలుకి తెలుస్తుంది."

"ఆడలేక మద్దెల ఓడన్నాడంట!"

పందిరంతా నవ్వింది. మాబు సాహెబ్ నవ్వలేదు.

తాళి కట్టే వేళయింది. పురోహితుడు శేషాచలం గారు చెయ్యెత్తి "గట్టిమేళం!" అన్నారు.

సన్నాయి ఒక్కటే పలికింది. మాబు సాహెబ్ లేడు. డోలూ లేదు.

శివనాగరాజుకి ఒళ్లు మండిపోయింది. ఆడపిల్ల మెడలో తాళి గట్టిమేళం లేకుండానే పడింది.

"కనపడనీ, వాడి సంగతి చెప్తా!"

తలంబ్రాలు పోస్తుండగా పందిరి మీద చినుకులు టపటపమన్నాయి. చూస్తుండగానే పెద్ద వాన.

శివనాగరాజు పట్టుపంచెతోనే కళ్లంలోకి పరుగెత్తాడు.

కాయలన్నీ కుప్పలై ఉన్నాయి. కుప్పల మీద టార్పాలిన్ పట్టాలున్నాయి. చివరి కుప్ప మీద మాత్రం డోలు చుట్టుకొచ్చిన పాత పట్టా. అది ఎగిరిపోకుండా పైన బరువుగా డోలు పెట్టి ఉంది. వాన దాని మీదే కురుస్తోంది.

రంగు పోయిన తాలుకాయలు ఏరే కూలామె సామ్రాజ్యం చూరు కింద నుంచి చెప్పింది.

"మమ్మల్నందర్నీ తరిమి తరిమి కుప్పలేయించాడు బాబూ. డోలు తీస్తే పట్టా లేచిపోద్దని వదిలేసి బస్సెక్కాడు. మేళం తప్పించినోణ్ణి, మొహమెట్టా చూపించను అన్నాడు."

శివనాగరాజు పట్టా కింద చెయ్యి పెట్టి ఒక కాయ తీశాడు. చెవి దగ్గర ఊపితే గింజలు గలగలమన్నాయి.

కళ్లు తుడుచుకుని, వెనకే పరుగెత్తుకొచ్చిన కోటేష్ వైపు తిరిగాడు.

"కోటేషూ, రేపే కొత్త డోలు కొనుక్కుని వినుకొండ పోదాం. పదహారు రోజుల పండక్కి ఆయన గట్టిమేళమే మోగాలి. అంతటి విద్వాంసుణ్ణి ఎక్కడ పట్టావయ్యా?"

కోటేష్ తడిసిన డోలు వైపు చూశాడు.

"విద్వాంసుడు కాదండీ, మిర్చి రైతు. పోయినేడు ఇట్టాంటి వానకే కళ్లమంతా కుళ్లి పొలం అమ్ముకున్నాక, ఆయనకి మిగిలింది వాళ్ల నాన్న డోలు ఒక్కటే."