పన్నెండు మొనలు

చెవుల్లో దూది పెట్టుకుంటేనే మూట ఇస్తానంది అమ్మ.

ఇంజన్ల పరీక్ష గది గుమ్మంలోనే నిలబడి చిట్టి రెండు ఉండలూ కుక్కుకుంది. వాదించి లాభం లేదని ఇరవై ఆరేళ్ళుగా తెలుసు. ఆ తువ్వాలు మూటలో ఉన్నది, పొద్దున హడావుడిలో చిట్టి భోజనాల బల్ల మీద మరిచిపోయిన అల్యూమినియం నాజిల్. నిన్ననే తయారై వచ్చింది. అమ్మ గంటసేపు బస్సులో కూర్చుని తెచ్చిచ్చింది.

"వేలికి ఆ గుడ్డేంటమ్మా?"

"ఏదో గీరుకుందిలే. ముందు ఇది చెప్పు, ఆ గొట్టం పేలితే ఈ అద్దం ఆగుతుందా?"

అమ్మకు భయం లేని వస్తువంటూ లేదు. చిట్టి చిన్నప్పుడు బల్ల మూలలకు గుడ్డలు చుట్టింది. ఈతకు పంపలేదు. ఫ్యాను కింద పడుకోనివ్వలేదు.

నాజిల్‌ని అప్పుడే మొదటిసారి చూస్తున్న ఫిట్టర్ దాన్ని మూటతోనే తీసుకెళ్ళి బిగించేశాడు. అద్దానికి ఇవతల అమ్మకు కుర్చీ వేసి, గాలి పోకడను చూపించే తెర ముందు కూర్చుంటూ చిట్టి విడమరిచి చెప్పింది. ధ్వనిని మించిన వేగంతో దూసుకెళ్ళే గాలి మహా మొండిది. గుండ్రటి నాజిల్‌లోంచి వస్తే ఊచలా తిన్నగా పోతుందే తప్ప చుట్టూ ఉన్న గాలితో కలవదు. ఇంజన్‌లో ఇంధనం, గాలి కలవడానికి రెప్పపాటు వ్యవధి కూడా ఉండదు. అందుకే నాజిల్ అంచుకు బియ్యపు గింజంత మొనదేలిన పళ్ళు పన్నెండు పెట్టించింది. మూడేళ్ళ ఆలోచన అది. ఇవాళ గాలి కలవకపోతే పెద్ద సార్ దానికి మంగళం పాడేస్తారు.

"గుండ్రంగా ఉంటే పట్టుకోడానికి సుఖం కదే" అంది అమ్మ.

చిట్టి నవ్వి మీట నొక్కింది. గది దద్దరిల్లింది. అమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది. తెరిచేసరికి తెర మీద గాలి నల్లటి ఊచలాగే తిన్నగా సాగుతోంది. రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. పీడనం చూశారు, గొట్టాలు చూశారు. ఎక్కడా తేడా లేదు. చిట్టి ముఖంలో దిగులు కన్నా ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది.

"మొన గాలిలోకి గుచ్చుకుంటే సుడి పుట్టి తీరాలి సార్. ఎందుకు పుట్టలేదు?"

"పుట్టదు కాబట్టి" అంటూ వెనకే నిలబడి చూస్తున్న పెద్ద సార్ కలం తీశారు. "పళ్ళు దండగమ్మా. గుండ్రటిదే ఖాయం చేసేద్దాం."

అమ్మ తన వేలి గుడ్డ వంక చూసుకుంది. తర్వాత మెల్లగా లేచింది.

"ఒక్క నిమిషం ఆగండి బాబూ" అని సంచిలో చెయ్యి పెట్టింది.

"ఇంకా దూదా అమ్మా?" అంది చిట్టి నీరసంగా.

దూది కాదు, బస్సులో గంటసేపూ ఆ పన్నెండు మొనల్ని అరగదీసిన ఆకురాయి.