రెండు సీట్ల ఎర్ర బండి

రామమోహన్ గారు కారు డ్రైవర్ వైపు తలుపు తీశారు, మూశారు, మళ్ళీ తీశారు. అప్పటికి పదిహేనోసారి. మూసుకున్నప్పుడల్లా వచ్చే చప్పుడును కళ్ళు మూసుకుని మరీ వింటున్నారు.

“తలుపులో ఏమైనా తేడా ఉందాండీ?” అడిగాడు సుందర్ రాజ్.

“లేదండి. ముచ్చటేస్తోంది, అంతే.”

ఆ ఒక్క మాటకే సుందర్ రాజ్ మనసు సగం కరిగిపోయింది.

ఎనభై నాలుగు అక్టోబరులో ఒక శనివారం. అమెరికన్ కార్ల కంపెనీలున్న ట్రాయ్ ఊళ్ళో, సుందర్ రాజ్ ఇంటి ముందు రెండు జపాన్ స్పోర్ట్స్ కార్లు పక్కపక్కనే ఉన్నాయి. ఎర్రటి మాజ్దా ఆర్‌ఎక్స్-7 అతనిది. వెండిరంగు డాట్సన్ 280 జెడ్‌ఎక్స్ అతని స్నేహితుడు భాస్కర్‌ది. రెండూ అమ్మకానికే. కొనడానికి వచ్చే రామమోహన్ గారు చూసుకోవడానికి వీలుగా ఉంటుందని భాస్కర్ తన బండినీ ఇక్కడికే తెచ్చాడు.

భాస్కర్‌ది సరదా, కొత్త మోడల్ మీద మనసు పడింది. సుందర్ రాజ్‌ది అవసరం. భార్య లూసీకి ఏడో నెల. రెండు సీట్లలో ముగ్గురు పట్టరు.

అమ్మక తప్పదు గాని, ఎవరికి పడితే వాళ్ళకి ఇవ్వడానికి అతనికి చేతులు రావడం లేదు. హాస్పిటల్ ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చాక తన కోసమని కొనుక్కున్న మొదటి వస్తువు అది. నాలుగేళ్ళలో ఒక్కనాడు కూడా, చలికాలంలో మంచు కరగడానికి ఉప్పు చల్లిన రోడ్డు ఎక్కించలేదు. ఇంతకుముందు వచ్చినవాళ్ళలో ఒకడు రేసులన్నాడు, ఇంకొకడు సిగరెట్టు నోట్లో పెట్టుకునే సీట్లో కూర్చున్నాడు. ఇద్దరికీ బండి అమ్ముడైపోయిందని అబద్ధం చెప్పి, ఆదివారం చర్చిలో దేవుణ్ణి క్షమాపణ అడిగాడు.

“నాది కూడా చూడండి సార్,” అన్నాడు భాస్కర్. “వీల్స్ కొత్తవి, స్టీరియో కొత్తది, సస్పెన్షన్ మార్పించాను. పెయింట్ కూడా మళ్ళీ వేయించాను.”

“అయ్యో,” అన్నారు రామమోహన్ గారు. నిజంగానే బాధపడ్డారు. “మరి మీరో, సుందర్ రాజ్ గారూ?”

“ఆయిల్, టైర్లు, బ్రేక్ ప్యాడ్లు. అంతకుమించి ఏదీ మార్చలేదండి. అన్నీ కంపెనీ నుంచి వచ్చినవే.”

రామమోహన్ గారి కళ్ళు మెరిశాయి. వేసుకున్న ఇస్త్రీ చొక్కా సంగతి మరిచి నేల మీద పడుకున్నారు. టార్చిలైటుతో బండి అడుగుభాగమంతా అంగుళం అంగుళం చూశారు.

లూసీ కాఫీ తెచ్చింది. “పెళ్ళిచూపుల్లో మీరు నన్ను కూడా ఇంతసేపు చూడలేదు,” అంది మొగుడితో మెల్లగా.

“నువ్వు చూడగానే నచ్చేశావుగా,” అన్నాడు సుందర్ రాజ్. కానీ కళ్ళు బండి మీదే ఉన్నాయి.

రామమోహన్ గారు లేచి దుమ్ము దులుపుకున్నాక, సుందర్ రాజ్ అడగాల్సినవి ఒక్కొక్కటే అడిగాడు.

“మీరు చేసేది ఇక్కడి కార్ల కంపెనీలో కదండీ. జపాన్ బండి తీసుకెళితే మీవాళ్ళు ఊరుకుంటారా?”

“మావాళ్ళకే ఆత్రం ఎక్కువగా ఉందండి. ఇంత బాగా వాళ్ళెలా చేస్తున్నారా అని మా దగ్గర రోజూ అదే గొడవ.”

“వింటర్‌లో ఎక్కడ పెడతారు?”

“లోపలే. హీటింగ్ ఉన్న పెద్ద షెడ్. మంచు అన్నదే దీని మీద పడదు.”

“పిల్లలు డ్రైవ్ చేస్తారా?”

“అబ్బే, రోడ్డెక్కించే పనే లేదు. నాతో కలిపి ఆరుగురం, పొద్దస్తమానం దీన్నే అంటిపెట్టుకుని ఉంటాం.”

పెద్ద కుటుంబమే, అనుకున్నాడు సుందర్ రాజ్. బండిని అపురూపంగా దాచుకునే మనుషుల గురించి విన్నాడు గాని, అలాంటి తెలుగాయన్ని చూడటం ఇదే మొదలు.

లూసీ అతన్ని పక్కకు పిలిచింది. “ఏవండీ, ఆయన బేరమాడలేదు. నడిపి కూడా చూడలేదు. నాకేదో తేడాగా ఉంది.”

“మనసు పడ్డవాడు బేరమాడతాడా, లూసీ?”

“ఇదే తీసుకుంటాను,” అన్నారు రామమోహన్ గారు ఎర్ర బండి మీద చెయ్యి వేసి. “ఇలాంటిది దొరుకుతుందనుకోలేదు.”

భాస్కర్ మొహం చిన్నబోయింది. “పోన్లేరా, నాదాన్ని ఇంకో రెండేళ్ళు నేనే తిప్పుకుంటాను,” అన్నాడు. క్లాసులో ఫస్టు వచ్చిన పిల్లాడి తండ్రిలా పొంగిపోతున్న సుందర్ రాజ్‌కి ఆ మాట సరిగా వినబడనే లేదు. అమ్మాలన్న దిగులు అంతా ఎటో పోయింది.

కాగితాల మీద సంతకాలయ్యాయి. “ఒక్క నిమిషం, ప్రార్థన చేసుకుని ఇస్తామండి,” అంది లూసీ. కొన్ననాడు చేశారు, పంపేనాడు చెయ్యకపోతే ఎలా? నలుగురూ బండి చుట్టూ నిలబడ్డారు. పూజలు చేసుకునే రామమోహన్ గారు, భాస్కర్ కూడా తల వంచి చేతులు కట్టుకున్నారు.

సుందర్ రాజ్ బానెట్ మీద చెయ్యి ఉంచాడు. “ప్రభువా, మేము ప్రేమగా చూసుకున్న ఈ బండిని ఈ అన్నగారి చేతిలో పెడుతున్నాం. దీన్ని ఏ లోటూ రాకుండా, ఒక్క గీతైనా పడకుండా కాపాడు తండ్రీ. వెళ్ళినచోట నిండు నూరేళ్ళు ఉండనీ.”

“ఆమెన్,” అంది లూసీ. “ఆమెన్,” అన్నాడు భాస్కర్. రామమోహన్ గారి నోట మాత్రం ఆ మాట రాలేదు.

తాళాలు అందుకున్నారు గాని, కదల్లేదు. చెమట లేకపోయినా నుదురు తుడుచుకున్నారు.

“సుందర్ రాజ్ గారూ, ఇంత ప్రార్థన విన్నాక చెప్పకుండా పోతే నాకు నిద్ర పట్టదు. దీన్ని కొంటున్నది నేను కాదు, మా కంపెనీ.”

“అయితే మరీ మంచిదండి,” అన్నాడు సుందర్ రాజ్ సంతోషంగా. “ఇక దీనికి ఏ లోటూ ఉండదు.”

రామమోహన్ గారు తల దించుకున్నారు.

“సోమవారం దీన్ని ఏ ముక్కకాముక్క విప్పేస్తాం.”