గడప ముందు చెప్పులు

హోసూరులోని ఆ అద్దె హాల్లో రిహార్సల్ ముగిసి నటులంతా వెళ్లిపోయి తనూజ ఒక్కతే ఉన్నప్పుడు ధనుంజయ్ వచ్చాడు. ఆమెకు తమ్ముడు. ఇంటి పంపకం గొడవతో ఏడాదిగా మాటల్లేవు. ఆ గొడవనే ఆమె నాటకంగా రాసింది.

స్టేజీ మీద గోడల్లేని ఇల్లు ఉంది. ఒక తలుపు, దాని వెనక వైరు అల్లిన కుర్చీ, గడప బయట వాళ్ల చనిపోయిన తండ్రి చెప్పులు.

"పోయినోళ్ల చెప్పులు గడప ముందర పెడతారా అక్కా? ఇచ్చేయ్, నేను తీసుకొని పోతాను."

"మన కొట్లాట చూడలేక నాయన ఇల్లిడిచి పోయినాడని జనానికి తెలియాల గదరా. అందుకే బయటికి తిప్పి పెట్టినాను."

అప్పుడే కరెంటు పోయింది.

చీకట్లో, స్టేజీ మీద, ఎవరో చెప్పులు ఈడ్చుకుంటూ నడిచిన చప్పుడు. నాలుగడుగులు వేసి ఆగింది.

కరెంటు వచ్చేసరికి ఇద్దరూ స్టేజీ కింద నిలబడ్డ చోటే ఉన్నారు. చెప్పులు మాత్రం తలుపు వైపు తిరిగి ఉన్నాయి, ఇంటికొచ్చిన మనిషి విడిచినట్టు.

ధనుంజయ్ అక్క చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

తలుపు వెనక కుర్చీ కిర్రుమంది. అందులో ఎవరూ లేరు. అల్లిన వైర్లు మాత్రం మెల్లగా కిందికి దిగుతున్నాయి.