చుక్క నీరు లేని పడవ

నడిసముద్రంలో మనిషి లేకుండా తేలుతూ దొరికిన అన్నయ్య పడవను తోటి జాలర్లు లాక్కొచ్చి, కొండరాళ్ల మధ్యనున్న చిన్న రేవులో కట్టేసి తొమ్మిది రోజులైంది. అందులో మిగిలిన అతని బట్టలు తీసుకెళ్లడానికి చెల్లెలు వచ్చేసరికి చీకటి పడింది. రేవులో కాపలా తాత తప్ప నరమానవుడు లేడు.

"అడుగున చిల్లుందని అన్నయ్య ఎప్పుడూ అనేవాడు. రోజూ నీళ్లు తోడుతున్నావా తాతా?" అని అడిగింది.

తాత లాంతరు ఆమె చేతికిచ్చాడు. "నేనా? నాకింకా ప్రాణం మీద తీపి ఉందమ్మా, ఆ పడవ ఎక్కనే లేదు. అయినా పొద్దున్నే చూస్తే అందులో చుక్క నీరుండదు. బట్టలు తీసుకుని గబగబా దిగెయ్."

ఆమె పడవెక్కింది. చొక్కా మడతపెడుతుండగా వెనక వైపు నుంచి చప్పుడు వినిపించింది. ఎవరో డబ్బాతో నీళ్లు ముంచి సముద్రంలో పారబోస్తున్నారు. మళ్లీ ముంచి మళ్లీ పారబోస్తున్నారు. లాంతరు ఎత్తి చూస్తే అక్కడ ఎవరూ లేరు.

ఆమె మెల్లగా అంది, "ఇక చాల్లే అన్నయ్యా. ఇంటికి పోదాం రా."

చప్పుడు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో చెక్కల సందుల్లోంచి నీళ్లు ఉబికి వచ్చి, చల్లగా ఆమె పాదాలను ముంచాయి.

"దిగు తల్లీ, మునిగిపోతోంది," అని ఒడ్డునుంచి తాత కేకేశాడు.

ఈ పడవ కూడా పోతే అన్నయ్య ఆనవాలే మిగలదు. ఆమె దిగలేదు. లాంతరు అంచున పెట్టి, డబ్బా కోసం చీకట్లోకి చెయ్యి చాచింది.

తడిసిన చెయ్యి ఒకటి దాన్ని అందించింది.