తూము మూసుకుంది

మా అపార్ట్‌మెంట్లో అంట్లు కడిగిన నీళ్లు మేడ మీది మొక్కల వేళ్లలో శుభ్రపడి, సాయంత్రానికి మళ్లీ తాగునీరై వస్తాయి. కొత్తగా దిగిన కుసుమ తన ఇత్తడి బిందెను చింతపండు, ఉప్పు పెట్టి తోమింది. సింకు తూము టక్కున మూసుకుని, "ఉప్పు. తీసుకోను" అంది. దాంతో మా నలభై ఇళ్లకూ నీళ్లు ఆగిపోయాయి.

కుసుమ కంగారుగా పైడమ్మను పిలుచుకొచ్చింది. మా అందరి గిన్నెలకూ కుంకుడు రసం కాచేది ఆవిడే.

"ఉప్పేసేవేటమ్మా? మొక్కలు చచ్చిపోవూ?"

పైడమ్మ ఆ ఉప్పునీళ్లను బకెట్లోకి తోడేసింది. చింతపండులో బియ్యప్పిండి కలిపి తోమితే బిందె తళతళలాడింది. తూము తెరుచుకుంది.

సాయంత్రం పైడమ్మ కుళాయి నీళ్లు గ్లాసుతో పట్టి ఇస్తే కుసుమ తటపటాయించింది.

"ఈవేళ నేను తోమిన నీళ్లు నువ్వు తాగు," అంది పైడమ్మ. "రేపు నువ్వు తోమిన నీళ్లు నేను తాగుతాను."

కుసుమ గ్లాసు ఖాళీ చేసింది.